ఆవు పాలా, గేదె పాలా, పెరుగా? ఎవరికి ఏది మేలు

ఆవు పాలు మంచివా, గేదె పాలు మంచివా అని అడిగేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: తాగేది ఎవరు? ఏడాది నిండని పాపా, బడికెళ్లే పిల్లాడా, కొలెస్ట్రాల్ ఉందని డాక్టర్ చెప్పిన నాన్నగారా? మన ఇళ్లలో మాత్రం ఒకే గిన్నెలో కాచిన పాలు ఇంటిల్లిపాదికీ పోస్తాం. చిక్కంతా అక్కడే వస్తోంది.

పాల కేంద్రంలో రైతుకు డబ్బు కట్టేది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూసి. ఆవు పాలలో వెన్న 3.5 నుంచి 4.5 శాతం ఉంటే, గేదె పాలలో 6 నుంచి 8 దాకా వస్తుంది. మన పల్లెల్లో గేదెల పాడికి అంత గిరాకీ ఉండటానికి ఇదొక కారణం. కాచి చల్లార్చిన గేదె పాల మీది మీగడను చెంచాతో ఎత్తితే తెగకుండా మొత్తంగా లేచి వస్తుంది. ఆవు పాల మీద పలచని పసుపు పొర తాకగానే చెదిరిపోతుంది. ఆ పసుపు చూసి బలమైన పాలు అనుకుంటారు కానీ, అది మేతలోని కెరోటిన్ రంగు. గేదె ఆ కెరోటిన్‌ను విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది, అందుకే దాని పాలు తెల్లగా ఉంటాయి.

100 మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 70 క్యాలరీలు, గేదె పాలలో వంద పైనే. ప్రొటీన్ గేదె పాలలో కాస్త ఎక్కువ. కాల్షియం ఆవు పాలలో 120 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, గేదె పాలలో అంతకు తగ్గదు. కాబట్టి బక్కగా ఉన్న, ఎదిగే పిల్లలకు నేను గేదె పాలకే ఓటు వేస్తాను. బరువు, కొలెస్ట్రాల్ గొడవ ఉన్న పెద్దవాళ్లకు ఆవు పాలు లేదా 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలు నయం. టోన్డ్ పాలు మన దేశంలోనే పుట్టాయి. చిక్కటి గేదె పాలకు వెన్న తీసిన పాలపొడిని, నీళ్లను కలిపి 1940లలో బొంబాయిలో పాడి రంగ నిపుణుడు దారా ఖురోడీ మొదలుపెట్టిన పద్ధతి అది. అందుకే ప్యాకెట్ మీద ‘ఆవు పాలు’ అని లేకపోతే అవి ఆవువే అనుకోవద్దు. ప్యాకెట్ రంగు కంపెనీని బట్టి మారుతుంది, అక్షరాలే చదవాలి.

ఇక పసిపిల్లలు. ఇక్కడ మాత్రం నేను ఎవరికీ తలొగ్గను. తల్లిపాలు చాలడం లేదని మూడో నెలలోనే ఆవు పాలలో నీళ్లు, పంచదార కలిపి పోతపాలు పట్టడం ఇంకా ఎన్నో ఇళ్లలో జరుగుతోంది. ‘ఆవు పాలు తేలిక, తల్లిపాలలాంటివే’ అంటారు. కావు. వాటిలో ఐరన్ చాలా తక్కువ. ప్రొటీన్, లవణాలు పసివాళ్ల కిడ్నీలు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ. కొందరు పిల్లలకు పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం పోతుంది కూడా. ఆరు నెలల దాకా తల్లిపాలే, అవి చాలకపోతే పిల్లల డాక్టర్ చెప్పిన ఫార్ములా పాలు. ఆరో నెల దాటాక పప్పన్నం, పెరుగన్నం మొదలుపెట్టవచ్చు కానీ, ఏడాది నిండేదాకా సీసాల కొద్దీ ఆవు పాలు ప్రధాన ఆహారం కాకూడదు. ఏడాది దాటాక కూడా రోజుకు అర లీటరు మించితే పిల్లాడికి అన్నం మీద ఆకలి చచ్చిపోతుంది, రక్తహీనత పట్టుకుంటుంది. ‘మా వాడు అన్నం తినడు కానీ పాలు బాగా తాగుతాడు’ అనే తల్లులకు కారణం ఆ రెండో మాటలోనే దొరుకుతుంది.

పెద్దవాళ్ల ఫిర్యాదు వేరే: పాలు తాగితే కడుపుబ్బరం, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ మనలో చాలామందికి చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. అది జబ్బు కాదు, ఒంటి తీరు. ఉబ్బరానికి భయపడి గేదె పాలు మాని ఆవు పాలకు మారేవాళ్లుంటారు. లాక్టోజ్ రెండింటిలోనూ దాదాపు 5 శాతమే, కాబట్టి ఆ మార్పు వల్ల లాక్టోజ్ బాధ తగ్గదు. తగ్గించేది పెరుగు. తోడు వేసిన పాలలో బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది, మిగిలిన దాన్ని పేగుల్లో అరిగించడానికీ తోడ్పడుతుంది. ఖాళీ కడుపున గ్లాసుడు పాలు పడనివాళ్లు కూడా పెరుగన్నం హాయిగా తింటారు. పాలు వదలలేని వాళ్లు భోజనంతో పాటు అర గ్లాసు తాగి చూడవచ్చు, చాలామంది ఆ మాత్రం తట్టుకుంటారు.

పాల ప్రొటీన్ అలర్జీ మాత్రం దీనికి పూర్తిగా వేరు. దద్దుర్లు, వాంతులు, మలంలో రక్తం కనిపిస్తే పెరుగుతోనో మేకపాలతోనో ప్రయోగాలు చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఏ2 పాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటికి మామూలు పాల కంటే బాగా ఎక్కువ ధర కట్టి కొంటున్నారు. ఏ1, ఏ2 అనేవి బీటా కేసిన్ అనే పాల ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా ఉన్న రెండు రకాలు. మన దేశీ ఆవుల పాలలో ఎక్కువగా ఏ2 ఉంటుంది, హోల్‌స్టీన్ లాంటి విదేశీ జాతుల్లో, వాటి సంకరాల్లో రెండూ కలిసి ఉంటాయి. గేదె పాలు ఎలాగూ ఏ2యే! ఏ1 పాల వల్ల షుగర్, గుండెజబ్బులు వస్తాయన్న వాదనను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో పరిశీలించి, అలా చెప్పడానికి ఆధారం చాలదంది. కొందరికి ఏ2 పాలతో కడుపు తేలికగా ఉంటుందని చిన్న అధ్యయనాలు ఉన్నాయి, అంతవరకే. మన దగ్గర 2024 ఆగస్టులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకెట్ల మీది ఏ1, ఏ2 ముద్రలు తీసేయమని ఆదేశించి, కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకుంది. ఒంగోలు, పుంగనూరు జాతులు నిలవాలని ఆ రైతుకు ఎక్కువ ధర ఇస్తే దానికి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. ఆరోగ్యం కోసమే అయితే ఆ అదనపు డబ్బుతో గుడ్లు, పప్పు, ఆకుకూరలు కొనండి.

అప్పుడే పితికిన పచ్చి పాలు ఏ ఆవువైనా వద్దు. బ్రూసెల్లోసిస్ అనే జ్వరం, క్షయ వాటి ద్వారా రావచ్చు. ఒక పొంగు రానిచ్చి తాగాలి.

ఎంత తాగాలన్నదానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు అని చెప్పింది. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లకు ఇది ఇంకా ముఖ్యం, విటమిన్ బి12 వాళ్లకు ప్రధానంగా పాల నుంచే రావాలి. పాలు అసలు పడనివాళ్లు కాల్షియం కోసం రాగి జావ, నువ్వులు తినవచ్చు కానీ, వాటిలో బి12 ఉండదు. పరీక్ష చేయించుకుని, తక్కువుంటే మాత్రలు వాడాలి.

గర్భిణులకు ఇంకో మాట. ఐరన్ మాత్రను రాత్రి వేడి పాలతో మింగడం చాలా ఇళ్లలో అలవాటు. పాలలోని కాల్షియం ఆ ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. మాత్రను నిమ్మరసం నీళ్లతో వేసుకుని, పాలు రెండు గంటల తర్వాత తాగండి.