రోజుకు వంద రూపాయల రూలు: ఆరేళ్లు వాడాక నా మాట

ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే ఐదు రోజుల్లో వెనక్కి వేయాలి, వేయకపోతే ఆ పైన ప్రతి రోజుకూ బ్యాంకే మనకు వంద రూపాయలు ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఈ రూలంటే నాకు ప్రాణం. ఎందుకంటే బ్యాంకుకు మనం ఒక్కరోజు ఆలస్యంగా కడితే జరిమానా వేస్తారు, వాళ్లు ఆలస్యం చేస్తే మాత్రం "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అంటారు. వాళ్ల ఆలస్యానికి కూడా ఒక ధర ఉంటుందని మొదటిసారి చూసింది ఈ రూలులోనే. 2019 అక్టోబరు 15 నుంచి ఇది ఇప్పుడున్న రూపంలో అమల్లో ఉంది. అప్పటి నుంచి నాకు నాలుగుసార్లు అవసరం పడింది. అందులో ఒక్కసారి గురించే వివరంగా చెప్తాను, మిగతా మూడూ చెప్పుకునేంత పెద్దవి కావు.

నాకు ఒంగోల్లో ఇంటి ముందు గదిలో చిన్న చీరల కొట్టుంది. సరుకు చీరాలలో తెచ్చుకుంటాను. 2022లో దసరాకు నాలుగు రోజుల ముందు, అక్టోబరు 1, శనివారం, పండుగ సరుకు కోసం చీరాల వెళ్లాను. నేను ఎప్పుడూ తీసుకునే షావుకారు దగ్గర చీరలన్నీ చూసి పక్కన పెట్టించాను. పండుగ రద్దీలో ఆయన అప్పు పెట్టడు, క్యాషే కావాలంటాడు. చేతిలో ఉన్నది పోను పది వేలు తక్కువైంది. మార్కెట్ దగ్గర్లో ఉన్న ఏటీఎంకి వెళ్లాను. అది మా బ్యాంకుది కాదు, వేరే బ్యాంకుది.

కార్డు పెట్టి పిన్ కొట్టాను. లోపల నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. తర్వాత ఆ నోట్లు వచ్చే మూత సగం కదిలి ఆగిపోయింది. స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ వచ్చి మళ్లీ మొదటి పేజీకి వెళ్లిపోయింది. స్లిప్ రాలేదు. నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్లు "ఏమైందమ్మా" అంటుండగానే ఫోన్‌లో మెసేజ్ మోగింది, పది వేలు డెబిట్ అని. ఆ క్షణంలో చేతులు వణికాయి, నిజంగానే. పది వేలంటే నాకు పండుగ వారం మొత్తం మీద మిగిలే లాభం.

అప్పుడు చేసిన ఒకే ఒక్క మంచి పని, మెషీన్ మీద అంటించి ఉన్న ఏటీఎం ఐడీ నంబరును, స్క్రీన్‌ని, గోడ మీద గడియారాన్ని కలిపి ఫోటో తీసుకోవడం. ఎవరో చెప్పి చేసింది కాదు, టెన్షన్‌లో ఏదో ఒకటి చేయాలని చేశాను. తర్వాత కథంతా ఆ ఫోటో మీదే నడిచింది. అక్కడే నిలబడి కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకున్నాను. షావుకారు పక్కన పెట్టిన చీరల్లో సగం వదిలేసి వచ్చాను. ఆయన "పోనీలేమ్మా, వారం తర్వాత రా" అన్నాడు, కానీ వారం తర్వాత పండుగ ఉండదు కదా.

సెలవులయ్యాక 6వ తేదీ గురువారం మా బ్రాంచికి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన విని, "అది వేరే బ్యాంకు మెషీన్ మేడమ్, మీరు వాళ్లనే అడగాలి" అన్నాడు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అది తప్పు. ఏ బ్యాంకు మెషీన్ అయినా సరే, కార్డు ఇచ్చిన మన బ్యాంకుకే కంప్లైంట్ ఇవ్వాలి, అవతలి బ్యాంకుతో తేల్చుకోవాల్సింది వాళ్లు. రెండు బ్యాంకుల మధ్య ఈ లెక్కలు నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ అనే నెట్‌వర్క్ మీద నడుస్తాయి, దాన్ని ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్) నడుపుతుంది, మనకు అందులో పనే లేదు. నాకు ఇదంతా అప్పుడు తెలీదు. మా అన్నయ్య ఫోన్‌లో ఉండి "నువ్వు కదలొద్దు, మేనేజర్‌ని అడుగు" అన్నాడు కాబట్టి అడిగాను. మేనేజర్ గారు మర్యాదగానే మాట్లాడి కాగితం మీద రాసిమ్మన్నారు, స్టాంపు వేసి ఒక కాపీ ఇచ్చారు.

11వ తేదీన మెసేజ్ వచ్చింది: లావాదేవీ విజయవంతమైంది, కంప్లైంట్ ముగించాం అని. అంటే డబ్బు నేను తీసుకున్నానని. ఆ మాట నాకు పది వేలు పోయినదానికన్నా ఎక్కువ బాధ కలిగించింది, నన్ను అబద్ధాల మనిషిని చేసినట్టు అనిపించింది. మళ్లీ వెళ్లాను. ఫోటో చూపించి, మెషీన్ లోపల నమోదయ్యే లాగ్ (ప్రతి లావాదేవీ రికార్డు), ఆ రోజు ఆ మెషీన్‌లో క్యాష్ లెక్క తీసి చూపించమని రెండో ఉత్తరం రాసిచ్చాను. మెషీన్‌లో డబ్బు నింపేవాళ్లు లెక్క చూసినప్పుడు ఇరుక్కున్న నోట్లు ఎక్కువ తేలాలి కదా, ఆ మాటే రాశాను. తేలాయి. దీపావళికి ముందు శుక్రవారం, 21వ తేదీన, పది వేలు ఖాతాలో పడ్డాయి. ఎవరూ ఫోన్ చేయలేదు, క్షమాపణ లేదు, పాస్‌బుక్‌లో ఒక లైను మాత్రం వచ్చింది.

ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. మా ఆయన "వచ్చాయిగా, ఇంక వదిలెయ్" అన్నారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. రూలులో 'టీ ప్లస్ ఐదు' అంటారు, టీ అంటే లావాదేవీ జరిగిన తేదీ. క్యాలెండర్ తేదీనే లెక్క, బ్యాంకు సెలవులు తీసేయరు. 1వ తేదీ నుంచి ఐదు రోజులంటే 6వ తేదీ. డబ్బు వచ్చింది 21న. పదిహేను రోజులు ఆలస్యం, పదిహేను వందలు నాకు రావాలి. ఆ పైన రూలులోనే ఇంకో మాట ఉంది: కస్టమర్ అడిగేదాకా ఆగకుండా బ్యాంకు తనంతట తానే ఖాతాలో వేయాలి. 2009లో మొదటిసారి ఈ వంద రూపాయలు పెట్టినప్పుడు గడువు పన్నెండు పనిదినాలు, 2011లో దాన్ని ఏడుకు తగ్గించారు, అప్పుడు మనం ముప్పై రోజుల్లోపు కంప్లైంట్ ఇస్తేనే దక్కేది. 2019లో కంప్లైంట్ కూడా ఇవ్వక్కర్లేకుండా చేశారు.

పది రోజులు చూశాను, ఆ డబ్బు పడలేదు. అడిగితే కౌంటర్‌లో "మీ డబ్బు మీకు వచ్చేసింది కదా మేడమ్" అన్నారు. రాసిస్తే, జమ చేశాం కాబట్టి కంప్లైంట్ ముగిసిందని ఒక లైను జవాబు. డిసెంబరు మొదట్లో అంబుడ్స్‌మన్ దగ్గరికి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అధికారి దగ్గరికి వెళ్లాను. 2021 నవంబరు 12న అన్ని అంబుడ్స్‌మన్ పథకాలనూ కలిపి ఒకటే చేశారు, ఆర్‌బీఐ వాళ్ల సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పెడితే చాలు, పైసా ఫీజు లేదు. ముందు బ్యాంకుకే ఇవ్వాలి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇక్కడికి రావచ్చు. ఉత్తరం పంపాలంటే చండీగఢ్‌లో ఒక కేంద్రం ఉంది. ఎలా నింపాలో తెలియక ఆర్‌బీఐ హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేశాను, తెలుగులో మాట్లాడారు, ఓపిగ్గా చెప్పారు. ఇంగ్లీషు రాత అన్నయ్య చూసుకున్నాడు.

జనవరి రెండో వారంలో, నేను కొట్లో ఫాల్స్ కుట్టుకుంటుంటే మెసేజ్ వచ్చింది. 1,500 క్రెడిట్. రెండు నెలల లాభం ఒకసారి వచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. మరుసటి రోజు బ్రాంచికి వెళ్లి పాస్‌బుక్‌లో ఆ ఎంట్రీ ప్రింట్ చేయించుకున్నాను.

అప్పటి నుంచి మా వీధిలో, మా వాళ్లలో అందరికీ చెప్పాను: "భయపడకండి, బ్యాంకే ఇస్తుంది, రూలుంది" అని. ఆ మాట ఇప్పుడు కొంచెం సర్దుకోవాలి. రూలు అడగక్కర్లేదంటుంది, నాకు మాత్రం అడిగితే గానీ రాలేదు. మూడు నెలలు, మూడు ఉత్తరాలు, ఒక అంబుడ్స్‌మన్ కంప్లైంట్ అయ్యాక వచ్చింది. ఇంకో సంగతి, 2009లో వంద, 2019లోనూ వందే. ఈ మధ్యలో జాకెట్ కుట్టుకూలి ఎంత పెరిగిందో నాకు తెలుసు. పైగా ఇరుక్కున్నది ఐదు వందలైనా, పది వేలైనా రోజుకు అదే వంద. ఐదు వందలు ఇరుక్కున్నవాళ్లకు ఇది చాలా మంచి రూలు. పండుగ సరుకు పోగొట్టుకున్న నాకు పదిహేను వందలతో నష్టం పూడలేదు, పౌరుషం మాత్రం నిలబడింది.

యూపీఐ విషయంలో నాకు కంప్లైంట్ లేదు. మనిషి నుంచి మనిషికి పంపింది ఫెయిలైతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి, కొట్టుకు కట్టింది అయితే ఐదు రోజుల గడువు. నాకు మూడుసార్లూ గంటల్లోనే వచ్చాయి. అయితే ఇది ఫెయిలైన లావాదేవీకే వర్తిస్తుంది, మనం పొరపాటున వేరే నంబరుకు పంపితే ఈ వంద రూపాయల లెక్క ఉండదు.

మోసం జరిగితే వర్తించేది వేరే రూలు, దాన్ని కూడా నేను మొదట్లో ఎక్కువే పొగిడాను. 2017 జులై 6న వచ్చింది. బ్యాంకు తప్పు, మన తప్పు రెండూ లేకుండా ఎక్కడో మధ్యలో డబ్బు పోతే, బ్యాంకు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లో చెప్తే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకు మన మీద పడేది గరిష్ఠంగా పది వేలు, జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతాకు ఐదు వేలు. చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపించాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. తప్పు కస్టమర్‌దే అని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే.

మా పిన్నికి జరిగింది చూశాక దాని హద్దు తెలిసింది. 2023లో ఎవడో ఫోన్ చేసి కేవైసీ ఆగిపోయిందన్నాడు, ఆవిడ భయపడి ఓటీపీ చెప్పేసింది. పద్దెనిమిది వేలు పోయాయి. పది నిమిషాల్లో నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది. "పిన్నీ, ఏడవొద్దు, కార్డు వెనక నంబరు చదువు" అని, ఇద్దరినీ లైన్‌లో కలిపి బ్యాంకుకు చెప్పించాను, కంప్లైంట్ నంబరుతో మెసేజ్ వచ్చింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేశాం, అప్పటికే ఆ డబ్బు ఖాతాలు మారిపోయింది. బ్యాంకు కార్డు ఆపింది కానీ నెట్ బ్యాంకింగ్ ఆపలేదు, ఇంకో ఐదు వేలు వెళ్లాయి. మనమే ఓటీపీ చెప్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన ఖాతాలోనే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు ఖాతాలో. ఆ మెసేజ్‌లో ఉన్న టైము చూపిస్తే ఐదు వేలు ఇచ్చారు. పద్దెనిమిది వేలు రాలేదు. ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే మనిషికి అది ఎంతో నాకు తెలుసు, అందుకే ఈ రూలు గురించి ఇప్పుడు మునుపటంత గట్టిగా చెప్పలేకపోతున్నాను. భయపెట్టి చెప్పించుకున్నదాన్ని నిర్లక్ష్యం అని రాయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మొత్తం మీద నాకు పనికొచ్చిందా అంటే వచ్చింది. కానీ నాకు స్మార్ట్‌ఫోన్ ఉంది, ఖాతాకు నంబరు లింకై ఉంది, మధ్యాహ్నం కొట్టుకు తాళం వేసి బ్రాంచికి వెళ్లే వెసులుబాటు ఉంది, ఇంగ్లీషులో రాసిపెట్టే అన్నయ్య ఉన్నాడు. పాస్‌బుక్ మాత్రమే ఉండి మెసేజ్‌లు రాని మా అమ్మలాంటి వాళ్లకు ఇదే రూలు ఎంతవరకు అందుతుందో నేను హామీ ఇవ్వలేను. మా అమ్మ ఖాతాకు ఫోన్ నంబరు ఎక్కించింది కూడా ఇదంతా అయ్యాకే.

వచ్చే నెల మళ్లీ సరుకుకు చీరాల వెళ్లాలి. ఈసారి క్యాష్ మాత్రం బయల్దేరే ముందు ఒంగోల్లోనే, మా బ్రాంచి గోడకు ఆనుకుని ఉన్న మెషీన్‌లో, బ్యాంకు తెరిచి ఉన్న టైములో తీసుకుంటాను.