32 అంగుళాల చవక స్మార్ట్ టీవీ: బొమ్మ బాగానే ఉంది, బుర్రే చిన్నది

1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీతో వచ్చే 32 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీల్లో ప్యానెల్‌కు పెద్దగా వంక పెట్టలేం. కేబుల్ ఛానెళ్లకు, సినిమాలకు సరిపోతుంది. నస అంతా సాఫ్ట్‌వేర్‌తోనే. ఆ 8 జీబీలో సగం దాకా సిస్టమే తినేస్తుంది. నాలుగు ఓటీటీ యాప్‌లు వేశాక రిమోట్ నొక్కితే మెనూ నింపాదిగా కదులుతుంది.

రిమోట్‌తో ఆపితే టీవీ స్టాండ్‌బైలోకే వెళ్తుంది, ర్యామ్ ఖాళీ కాదు. గోడ దగ్గర స్విచ్ కట్టేసి, నిమిషం ఆగి వేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో వాడని యాప్‌లు తీసేసి, మిగతావాటికి క్లియర్ కాష్ (యాప్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు తుడిచేది) కొట్టండి. పక్కనున్న క్లియర్ డేటా జోలికి వెళ్లారో, మళ్లీ లాగిన్ల తంటా.

వైఫై ఉన్నా యాప్‌లు నెట్ లేదంటుంటే తేదీ, టైమ్ చూడండి. అవి తప్పుంటే, సర్వర్ అసలుదేనని యాప్‌లు నమ్మడానికి చూసే సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు.

మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే గదిలో లైట్లు ఆపి, తెర మీదకు టార్చి ఏటవాలుగా వేయండి. మసకగా బొమ్మ కదులుతుంటే పోయింది ప్యానెల్ కాదు, వెనకున్న బ్యాక్‌లైట్. ఎల్ఈడీ స్ట్రిప్పులు మారిస్తే చాలావరకు సరిపోతుంది. ప్యానెలే మార్చాలని మెకానిక్ అంటే ఈ పరీక్ష ఆయన ముందే చేయండి.

ఇంత చేసినా నత్తనడకే అయితే హెచ్‌డీఎంఐ స్టిక్ (టీవీ వెనక గుచ్చితే ఓటీటీ యాప్‌లు తానే నడిపే చిన్న పరికరం) పెట్టుకోండి. దాని కరెంటు మాత్రం టీవీ యూఎస్‌బీ నుంచి వద్దు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 0.5 ఆంపియరే, అది చాలక సినిమా మధ్యలో స్టిక్ రీస్టార్ట్ అవ్వొచ్చు. కొత్తగా కొనేవాళ్లు 2 జీబీ ర్యామ్‌కు తగ్గొద్దు.