పోల్ 3, పోల్ 9: రెండు వేట పడవల యుద్ధ చరిత్ర

తిమింగలాన్ని తరమడానికి కట్టిన నార్వే పడవలు చిన్నవే అయినా, వేగంగా వెళ్తూ చటుక్కున మలుపు తిరిగేవి కనుక రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళాలకు బాగా అక్కరకు వచ్చాయి. 1926లో తయారైన పోల్ 3 సొంత దేశపు కాపలా పడవ కాగా, 1937 నాటి పోల్ 9 శత్రువు చేతి ఆయుధమైంది.

1940 ఏప్రిల్ 8 రాత్రి నార్వే రాజధానికి దారితీసే సముద్రపు పాయ ఓస్లో ఫ్యోర్డ్ ముఖద్వారం వద్ద, ఆ దేశంపై దండెత్తి దీపాలు లేకుండా చీకట్లో వస్తున్న జర్మన్ నౌకా దళాన్ని పోల్ 3 చూసింది. ఒకే ఒక్క 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న ఆ 214 టన్నుల పడవ హెచ్చరికగా గుండు పేల్చి, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆల్బాట్రాస్ అనే టార్పెడో నౌకను ఢీకొట్టింది. మెషిన్ గన్ తూటాలకు రెండు కాళ్లూ ఛిద్రమైన కెప్టెన్ లైఫ్ వెల్డింగ్-ఓల్సెన్, ఆ దండయాత్రలో ప్రాణం విడిచిన తొలి నార్వే సైనికుడు.

పోల్ 9 కథ వేరు. 1941 జనవరిలో అంటార్కిటిక్ సముద్రంలో జర్మన్ నౌక పింగ్విన్ దానిని పట్టుకుని, అడ్జుటాంట్ అని పేరు మార్చింది. ఆ జూన్‌లో అది న్యూజిలాండ్‌లోని లిటిల్టన్, వెల్లింగ్టన్ రేవుల దగ్గర మందుపాతరలు వేసింది. వాటివల్ల ఒక్క ఓడా మునగలేదు. జూలై 1న జర్మన్లే దానిని ముంచేశారు.

సాంకేతికంగా పోల్ 9 కొత్తది, పెద్దది. అయినా చేసిన పనిని బట్టి నేను పోల్ 3నే మిన్నగా ఎంచుతాను. జర్మన్ల చేతికి చిక్కినా అది నాశనం కాలేదు. యుద్ధం ముగిశాక చేపల వేటకు మళ్లింది.