మా ఇంట్లో నాలుగు ఎర్ర చుక్కలు: పొలిటికల్ కంపాస్ టెస్టు మీద నా రివ్యూ

మా నాన్నకీ తమ్ముడికీ రాజకీయాల్లో ఒక్క మాట కలవదు. ఆదివారం ఇద్దరూ హాల్లో కూర్చున్నారంటే టీవీలో డిబేట్ పెట్టనక్కర్లేదు. నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్లో చేసి రిటైరయ్యారు, గాజువాకలో మాతోనే ఉంటారు. తమ్ముడిది రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాపురం మధురవాడలో. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తాడు, చికెన్ తింటాడు, గొడవ పెట్టుకుంటాడు, సాయంత్రం వెళ్లిపోతాడు. పోయిన నెల ఈ గొడవ ముదిరి నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేసరికి నాకు విసుగొచ్చింది. అసలు ఎవరు ఎటున్నారో ఫోనే తేలుస్తుందిలే అని పొలిటికల్ కంపాస్ టెస్టు తెరిచాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇది 2001 నుంచి నెట్లో ఉన్న క్విజ్, చేయడానికి డబ్బులేం కట్టక్కర్లేదు. ఆరు పేజీల్లో 62 వాక్యాలు ఉంటాయి, ఒక్కోదానికీ నాలుగు జవాబులు: గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను. చివర్లో గళ్ల కాగితం లాంటి బొమ్మ మీద ఒక ఎర్ర చుక్క పెట్టి ఇదీ నువ్వు అంటుంది. అడ్డగీత ఆర్థికం, ఎడమకెళ్తే ప్రభుత్వమే చూసుకోవాలనేవాళ్లు, కుడికెళ్తే మార్కెట్టుకి వదిలేయాలనేవాళ్లు. నిలువుగీత అధికారం, పైకెళ్తే ప్రభుత్వమో పెద్దలో చెప్పినట్టు వినాలనేవాళ్లు, కిందకెళ్తే ఎవరిష్టం వాళ్లదనేవాళ్లు. రెండింటికీ మైనస్ పది నుంచి పది దాకా లెక్క, మైనస్ అంటే ఎడమ, లేదా కింద.

ఎడమ, కుడి అనే మాటలు 1789లో ఫ్రాన్సు సభలో రాజుగారి వైపువాళ్లు కుడి పక్కన, మార్పు కావాలన్నవాళ్లు ఎడమ పక్కన కూర్చోవడం వల్ల పుట్టాయట. ఆ ఒక్క గీత చాలదని ఈ టెస్టు ఇంకో గీత గీసింది. సోవియట్ నియంత స్టాలిన్, మన గాంధీ ఇద్దరూ ఆర్థికంగా ఎడమ వైపే వస్తారు, అలాగని ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టేస్తామా? ఈ ఆలోచనకి మాత్రం నేను పూర్తి మార్కులు ఇస్తాను. మన దగ్గర టీవీల్లో "వామపక్షాలు" అంటే రెండు ఎర్రజెండా పార్టీలని తప్ప ఇంకో అర్థం వినం కదా.

సరే, ఇంగ్లీషులో ఉన్నది నేను చదివి తెలుగులో చెప్పడం, వాళ్లు జవాబు చెప్తే నొక్కడం. నాన్నతో మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే గ్లోబలైజేషన్ ఎలాగూ తప్పదంటే అది మనుషులకు పనికిరావాలా, పెద్ద పెద్ద కంపెనీలకు పనికిరావాలా అన్న అర్థంలో ఒకటి వస్తుంది. నాన్న కళ్లజోడు పైకి తోసుకుని, "ఏట్రా ఇది, జవాబు వాడే చెప్పేసి మళ్లీ మనల్ని అడుగుతున్నాడు?" అన్నారు. ఈ టెస్టు మీద చాలామంది చాలా ఏళ్లుగా అంటున్న మాట కూడా అదే, ప్రశ్న అడిగే తీరులోనే ఎటు వాలాలో ఉంటుందని. మా నాన్నకి అది అర నిమిషంలో దొరికింది.

ఇంకోటి, తాగేనీళ్లు కూడా సీసాల్లో పోసి బ్రాండు పేరుతో అమ్ముకునే సరుకైపోవడం బాధాకరం అనే వాక్యం. వంటింటి గట్టు మీద ఇరవై లీటర్ల టిన్ను బోర్లించి ఉంది. ఏలేరు నీళ్లు వస్తున్న ఊళ్లో తాగడానికి టిన్ను కొనుక్కుంటున్న ఇల్లు మాది. అందరం బాధాకరమే అన్నాం, అందరికీ ఒక మెట్టు ఎడమ వైపు పడింది, టిన్ను మాత్రం రోజు మార్చి రోజు వస్తూనే ఉంది. అనుకునేదీ చేసేదీ వేరు అనే సంగతి ఈ టెస్టుకి తెలీదు. మ్యూచువల్ ఫండ్లో పీఎఫ్ డబ్బు పెట్టిన నాన్నని అదేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అసలు గొడవ భూమి దగ్గర. భూమిని అమ్ముకునే, కొనుక్కునే సరుకు చేయకూడదు అని ఒక వాక్యం ఉంది. యూరప్‌లో కూర్చున్నవాడికి అది పుస్తకాల్లో చర్చేమో. మా ఆవిడది వేపగుంట, పంచగ్రామాల్లో ఒకటి, అంటే సింహాచలం దేవస్థానం తన భూములంటున్న అయిదు ఊళ్లలో ఒకటి. సింహాచలం దేవస్థానం భూముల గొడవ తెలియని వైజాగ్ వాళ్లు ఉండరు. అక్కడ జనం ఎప్పటి నుంచో ఇళ్లు కట్టుకుని ఉన్నారు, ఆ ఇళ్లు తమవేనని రాయించుకోవడానికి మాత్రం లేదు. "మా నాన్న తన ఇంటిని తనది అనిపించుకోడానికి జీవితమంతా చూస్తున్నారు, సరుకు చేయకూడదంట! ముందు మాది చెయ్యమనండి, తర్వాత సరుకు సంగతి చూద్దాం" అని అస్సలు ఒప్పుకోను నొక్కించింది. టెస్టు ఆవిణ్ణి ఒక అంగుళం కుడికి జరిపింది. మార్కెట్టు మీద భక్తి అనుకుంది కాబోలు.

అదే వాక్యానికి నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. "అమ్మడం కొనడం కాదురా, తీసేసుకోవడం గురించి అడగమను." మాది స్టీల్ ప్లాంటు నిర్వాసిత కుటుంబం. ఆ ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి, నాన్నకి నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మీదే ఉద్యోగం వచ్చింది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ ఉద్యమం జరిగి 32 మంది ప్రాణాలు పోయాయి, 1971లో శంకుస్థాపన, 1992లో గానీ జాతికి అంకితం కాలేదు. అలాంటిది 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం అమ్మేస్తామనేసరికి నాన్న కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర దీక్షా శిబిరంలో ఎన్ని పూటలు కూర్చున్నారో లెక్కలేదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు తమ్ముడు "మా పన్నులు" అన్నాడు. నాన్న "ప్లాంటుకి సొంత ఇనుప గని ఇవ్వకుండా నష్టాలంటే ఎలాగరా, బియ్యం కొనివ్వకుండా నీకు వంట రాదన్నట్టుంది" అన్నారు. ఆ రోజు కూడా భోజనం మధ్యలోనే.

ఇక తమ్ముడి సంగతి. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కి రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు 99 పైసలకి ఇవ్వడానికి రాష్ట్ర కేబినెట్ ఒప్పుకుంది గుర్తుందా, పన్నెండు వేల ఉద్యోగాలన్నారు. తమ్ముడికి అది పండగ. నాన్నకి ఒళ్లు మంట, ప్రజల భూమి కంపెనీకి రూపాయి కూడా కాకుండానా అని. ఇప్పుడు చెప్పండి, ప్రభుత్వం తన భూమిని కారుచౌకగా ఒక ప్రైవేటు కంపెనీకి ఇస్తే అది ఎడమా కుడా? మార్కెట్‌ని నిజంగా నమ్మేవాడైతే వేలం వెయ్యమనాలి. ప్రభుత్వ రంగమే కావాలనేవాడు ఇవ్వొద్దనాలి. ఇవ్వు, కానీ ఉద్యోగాలు రావాలి అనేవాణ్ణి 62 వాక్యాల్లో ఎక్కడ పెట్టాలి? నేను ఈ మాట అంటే తమ్ముడు ఊరుకున్నాడు, నాన్నే కాసేపాగి "మేమిచ్చింది కూడా ఉద్యోగాలొస్తాయనే కదరా" అన్నారు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకే మాట మీద ఉన్నారని నాకు తెలిసింది అప్పుడే, అదీ టెస్టు అడగని ప్రశ్న వల్ల. భూమి ఇద్దాం, బదులుగా ఉద్యోగం రావాలి. కాకపోతే నాన్న లెక్కలో ఉద్యోగం ఇచ్చేది ప్రభుత్వ ఫ్యాక్టరీ, వాడి లెక్కలో ఏసీ ఆఫీసు.

ఇంటి విషయాల ప్రశ్నలు ఇంకా కామెడీ. తల్లులు ఉద్యోగాలు చేసినా ముందు ఇల్లు చూసుకోవడమే వాళ్ల బాధ్యత అనే వాక్యం చదివాను. నాన్న నోరు తెరిచారు, వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది, మూసుకున్నారు. "ఒప్పుకోననే పెట్టరా" అన్నారు. అంటే ఈ టెస్టు ఒంటరిగా, ఫోను ఎవరి చేతిలో వాళ్లు పెట్టుకుని చేయాలన్నమాట. పదిమందిలో గట్టిగా అడిగితే వచ్చేది మర్యాద, అభిప్రాయం కాదు. పిల్లల్ని అప్పుడప్పుడు కొట్టక తప్పదా అన్నదానికి అమ్మ గట్టిగా నవ్వి నా వైపు చూసింది. జ్యోతిషం చాలా విషయాలు సరిగ్గా చెప్తుందా అన్నదానికి తమ్ముడు అస్సలు ఒప్పుకోను అన్నాడు. వాడి పెళ్లి తెల్లవారుజామున మూడింటికి చేశాం, ముహూర్తం అదేనని. "అది అమ్మ కోసం" అంటాడు. అమ్మ కోసం అర్ధరాత్రి లేచినవాడు కింది గళ్లో ఉండాలా పై గళ్లోనా? మన దగ్గర సగం రాజకీయం "అమ్మ కోసం" దగ్గరే ఉంది, దానికి బటన్ లేదు.

ఫలితాలు. నాన్నకి ఆర్థికం మైనస్ 6.88, అధికారం ప్లస్ 2.10. నాకు మైనస్ 4.63, మైనస్ 1.49. మా ఆవిడకి మైనస్ 3.13, మైనస్ 1.95. తమ్ముడికి మైనస్ 3.38, మైనస్ 1.23. ఎడమ! వాడి ముఖం చూడాలి. తప్పు నొక్కావని నా మీద పడి, ఫోను లాక్కుని రెండోసారి తనే చేసుకుంటే మైనస్ 2.50 వచ్చింది. ప్రైవేటే గొప్ప అని ప్రతి ఆదివారం ఉపన్యాసం ఇచ్చేవాడు కూడా ఎడమే తేలాడు. చాలామందికి ఈ టెస్టు ఎడమ వైపే చుక్క పెడుతుందన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది, మా ఇంట్లో నలుగురికి నలుగురం అటే. నలుగురం ఒకే వైపు ఉంటే మరి రోజూ కొట్టుకునేది దేని గురించి?

అమ్మ ఆరో పేజీ దాకా రాలేదు. తెలీదు అనే బటన్ లేకపోవడం ఆవిడకి నచ్చలేదు. "నాకు తెలీనిదానికి ఒప్పుకుంటాననో ఒప్పుకోననో ఎందుకు చెప్పాలి?" న్యాయమే కదా. మధ్యలో గంజాయి సొంతానికి వాడుకుంటే నేరం కాకూడదా అని వచ్చింది. అమ్మ దాన్ని వదిలేసి సారా సంగతి ఎత్తుకుంది. డ్వాక్రా గ్రూపులో పాత మెంబరు ఆవిడ. 1992లో సారా మీద పోరాడిన నెల్లూరు దూబగుంట ఆడవాళ్లు, 1995లో ఎన్టీఆర్ పెట్టిన మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం, అన్నీ నోటికి వచ్చు. తర్వాత 2019లో ప్రభుత్వమే షాపులు నడపడం, 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటు షాపులు. "ఎవరమ్మినా తాగేది వాళ్లే, డబ్బులు పోయేది మనవే" అంటుంది. మందు ప్రభుత్వం అమ్మాలా, ప్రైవేటోళ్లు అమ్మాలా, అసలు అమ్మకూడదా? మన రాష్ట్రంలో ఆడవాళ్ల ఓటు ఎటుందో తెలుసుకోవాలంటే నేనైతే ముందు ఇదే అడుగుతాను. ఉచిత బస్సు రెండోది.

మర్నాడు అమ్మ చేత ఎయిట్ వాల్యూస్ అనే ఇంకో క్విజ్ చేయించాను. 70 ప్రశ్నలు, ఇదీ ఉచితమే, మధ్యలో తటస్థం బటన్ ఉంది. రెండు గీతల బదులు నాలుగు: సమానత్వమా మార్కెట్టా, దేశమా ప్రపంచమా, స్వేచ్ఛా అధికారమా, సంప్రదాయమా మార్పా. చుక్క కాకుండా శాతాలు ఇస్తుంది, అందుకే కాస్త నయం. అమ్మ విదేశీ వ్యవహారాలన్నిటికీ తటస్థం నొక్కించి, ప్రభుత్వం, ఇల్లు దగ్గరికొచ్చేసరికి టకటకా చెప్పింది. చివర్లో వచ్చిన సిద్ధాంతం పేరు సోషల్ డెమోక్రసీ (మార్కెట్టు ఉంటూనే జనం బాగోగులు ప్రభుత్వం చూసుకోవాలనేది). "అంటే ఏ పార్టీ?" అని అడిగింది. ఏ పార్టీ కాదమ్మా అంటే "మరి ఎందుకు" అని పప్పు పొయ్యి మీద పెట్టడానికి లేచింది.

నా మార్కులు: కంపాస్‌కి అయిదుకి రెండున్నర, ఎయిట్ వాల్యూస్‌కి మూడు. ఇరవై నిమిషాలు పడుతుంది, చిన్న ఫోన్లో కాకుండా లాప్‌టాప్‌లో చేయండి, మూడో పేజీలో నా వేలు తగిలి వెనక్కి పోయి మళ్లీ మొదలెట్టాల్సి వచ్చింది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి కూడా రెండు మూడు వాక్యాలు మళ్లీ చదివితే గానీ అర్థం కావు. ఒక్కరే కూర్చుని చేసి, ఆ నంబరు పట్టుకుని నేను ఫలానా అని ప్రొఫైల్లో పెట్టుకుంటే మాత్రం దండగ. ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టి చదివి వినిపిస్తే పనికొస్తుంది, జవాబుల కంటే మధ్యలో వచ్చే మాటల కోసం.

తమ్ముడు మొన్న ఆదివారం వచ్చాడు. నాన్న కేలెండరు వెనక తన సొంత ప్రశ్నలు పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నారు, మొత్తం పదకొండు. మొదటిది "భూమి ఇచ్చినవాడి మనవడికి కూడా ఉద్యోగం ఇవ్వాలా?" నాలుగు జవాబులూ కింద రాశారు, అమ్మ అడిగిందని అయిదోది "తెలీదు" కూడా. తమ్ముడు అది చూసి, పెన్సిల్ తీసుకుని, "ఏ కంపెనీలో?" అని పక్కన రాశాడు. భోజనాలు నాలుగింటికి అయ్యాయి.