స్పిరిట్ ఆవిరి ఉండే గదిలో వాటర్ రిపెల్లెంట్ కోటింగ్: చాన్నాళ్లు వాడి చూశాక

పర్లాకిమిడిలో మా లక్క పాలిష్ షెడ్డు కిటికీలకి వానజల్లు బాగా కొడుతుంది. నీరు అంటకుండా అద్దాలకి సిలేన్ (సిలికాన్ ఉండే రసాయనం) రకం కోటింగ్, చెక్క తలుపులకి నానో సిలికా (కంటికి కనిపించనంత సన్నని సిలికా పొడి) స్ప్రే వాడుతున్నాం. లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో కరిగించి పూసే పని కాబట్టి గదిలో ఆ ఆవిరి పొద్దస్తమానం ఉంటుంది. అద్దం కోటింగ్ పెట్టిన డబ్బుకి తగినదే. తలుపు స్ప్రే మాత్రం ఇలాంటి చోట దండగ.

బొట్టుని గుండ్రంగా లాగి పట్టే పైపొర బిగువే తలతన్యత. నీటి తలతన్యత 25 డిగ్రీల దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, స్పిరిట్‌లో ఉండే ఇథనాల్‌ది 22. గదిలోని ఆవిరిని నీటిబొట్టు పీల్చుకుంటుంది, దాని తలతన్యత పడిపోయి బొట్టు చతికిలబడుతుంది. కోటింగ్ ఊడిందనుకుని ఇంకో డబ్బా కొనేది ఇక్కడే. కొనేముందు ఇలా చూడండి: కోటింగ్ వేసిన అద్దం ముక్క మీద డ్రాపర్‌తో ఒక బొట్టు, పక్కన సీసా మూతలో స్పిరిట్ దూది, రెంటిమీదా గాజు గ్లాసు బోర్లించాలి. కాసేపటికి బొట్టు అంచు మెల్లగా బయటికి జరిగి పలచబడుతుంది. గ్లాసు తీసి, అద్దం ఆరాక కొత్త బొట్టు వేస్తే మళ్లీ గుండ్రంగానే నిలుస్తుంది. సిలేన్ గాజుతో రసాయనికంగా అతుక్కుంటుంది, ఆవిరికి ఊడదు.

సిలికా సంగతి వేరు. చేమాకు లాగే దాని బలమంతా గరుకు సందుల్లో నిలిచే గాలిది. స్పిరిట్ కలిసిన నీరు సందుల్లోకి దిగిందా, బొట్టు జారదు, అక్కడే పట్టుకుంటుంది. పూర్తిగా ఆరితే కోలుకోవచ్చు గానీ శ్రావణంలో చెక్క ఆరేదెప్పుడు? గుడ్డతో రుద్దితే ఆ గరుకూ పోతుంది.

స్పిరిట్ ఆవిరి గాలికన్నా బరువు, అందుకే దెబ్బ ముందు కింది అద్దాలకి. గాలి బయటికి పోయే దారి నేలకి దగ్గరగా పెట్టండి. ఫ్యాన్ పెడితే నిప్పురవ్వ రాని మోటారుదే, ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

పూసేది పాలిష్ పని లేని రోజున. సబ్బునీళ్లతో కడిగి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పూసి, ఒక రోజంతా వదిలేయాలి. శానిటైజర్‌తో తుడవొద్దు: చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, అది ఎగిరిపోదు, పొరలా మిగిలి నీటిని లాగుతుంది. లక్క తుంపర పడ్డా కోటింగ్ మూసుకుపోతుంది. స్పిరిట్ గుడ్డతో మెత్తగా తుడిచి, ఆరాక బొట్టు వేసి చూడండి. అప్పుడూ పరుచుకుంటేనే కొత్త డబ్బా.