నెగేషన్ పద్ధతి: పద్నాలుగు నెలలు వాడాక

జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) క్రిటికల్ రీజనింగ్‌లో, అంటే చిన్న చిన్న వాదనల్ని తూచే ప్రశ్నల్లో, అజంప్షన్ (వాదన పైకి చెప్పకుండా నమ్ముకున్న మాట) ప్రశ్న వస్తే నాకు చివరికి రెండు ఆప్షన్లు మిగిలేవి. అందులో తప్పుదే పెట్టేవాణ్ణి. తిరుపతి బాలాజీ కాలనీ రూమ్‌లో ఉంటూ పద్నాలుగు నెలలుగా నెగేషన్ పద్ధతి వాడుతున్నా. ఆప్షన్‌ని తిరగేసి, అంటే అది అబద్ధం అనుకుని చదవాలి. కంక్లూజన్ (వాదన తేల్చే మాట) కూలిపోతే అది తప్పనిసరి అజంప్షన్, నిలబడితే కాదు.

నాకు ఇది ఒంటబట్టింది మా రూమ్మేట్ వల్ల. వాడిది పలమనేరు. నడిచి కొండకు వెళ్దామనుకున్న రోజు, "అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. ఇట్నించి పోతేనే తొందరగా చేరతాం మామా" అన్నాడు. ఈ మాట నిలబడాలంటే ఏముండాలి? "రెండు దార్లలోనూ మెట్టుకు పట్టే టైం సరిగ్గా ఒకటే" అనుకున్నా మొదట. తిరగేశా: ఒకటే కాదు, శ్రీవారి మెట్టులో కాస్త ఎక్కువ. అయినా వెయ్యికి పైగా మెట్లు తక్కువ కదా, వాడే గెలవొచ్చు. అంటే అది ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది. రెండోది: "మెట్లు తగ్గి మిగిలిన టైంని శ్రీవారి మెట్టు నిటారు ఎక్కుడు మింగెయ్యదు." తిరగేస్తే మింగేస్తుంది. వాడి వాదన అక్కడే చతికిలపడింది. "కొండెక్కడానికి ఇన్ని లెక్కలా!" అని బూట్లు తొడుక్కున్నాడు.

అసలు కష్టం తిరగెయ్యడంలోనే ఉంది. "కొందరు వస్తారు"ని "కొందరు రారు" అని తిప్పేవాణ్ణి. తప్పు. రెండూ ఒకేసారి నిజం కావొచ్చు. "ఎవరూ రారు" అనాలి. "అందరూ వస్తారు"కి ఒక్కడు రాకపోయినా చాలు, "ఎవరూ రారు" దాకా పోకూడదు. నెలల తరబడి ఇక్కడే మార్కులు పోగొట్టుకున్నా. ఇప్పుడు వాక్యాన్ని ముట్టుకోను, చివర "అన్నది అబద్ధం" అని తగిలిస్తా. తెలుగులో మనసులో అనుకుంటే చాలా తేలిగ్గా తిరుగుతుంది.

ఒక కోచింగ్‌లో "ఎప్పుడూ, ఎవరూ లాంటి గట్టి మాటలుంటే కొట్టేయండి" అని నేర్పారు. కంక్లూజనే అంత గట్టిగా ఉన్నప్పుడు ఆ సూత్రంతో సరైన జవాబునే కొట్టేశా, ఒకసారి కాదు. ఫీజు కట్టింది మాత్రం ముందే.

లోపాలూ ఉన్నాయి. ఈ ప్రశ్నలొచ్చే వర్బల్ విభాగంలో 23 ప్రశ్నలకు 45 నిమిషాలే, ప్రశ్నకు రెండు నిమిషాలు కూడా రావు. అయిదు ఆప్షన్లూ తిరగేస్తూ కూర్చుంటే చివర్లో టెన్షనే. చివరికి మిగిలిన రెండింటి మీదే వాడతాను. కంక్లూజన్ ఏదో పట్టుకోకుండా మొదలుపెడితే ఇది ఎందుకూ పనికిరాదు. "ఏది కలిపితే వాదన పూర్తవుతుంది" అనే రకం ప్రశ్నల్లో అస్సలు వాడొద్దు, అక్కడ నేను శ్రీవారి మెట్టు దగ్గర వదిలేసిన మొదటి రకం ఆప్షనే జవాబు అవుతుంది.