మందుల షాపు కౌంటర్ దగ్గర మైకేల్ శాండెల్ 'జస్టిస్'

ఖమ్మంలో మాకు మందుల షాపుంది. మా అమ్మాయి సివిల్స్‌కి చదివేటప్పుడు ఎథిక్స్ పేపర్ కోసమని హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ రాసిన 'జస్టిస్' తెప్పించుకుంది. మెయిన్స్‌లో 250 మార్కుల ఆ పేపర్ 2013లో వచ్చింది. అప్పటి నుంచీ సివిల్స్ రాసే పిల్లల చేతుల్లో ఈ పుస్తకం బాగా కనిపిస్తోంది. తను నోట్సు రాసుకుని పక్కన పెట్టేసింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కౌంటర్ దగ్గర పెద్దగా బేరం ఉండదు కాబట్టి నేను తీసి చదవడం మొదలుపెట్టాను. పరీక్ష అయిపోగానే మూసేయాల్సిన పుస్తకం కాదిది. దుకాణం నడిపేవాళ్లు, ఆఫీసులో సంతకాలు పెట్టేవాళ్లు, ఇంట్లో ముసలివాళ్లను చూసుకునేవాళ్లు, అందరూ చదవాల్సింది.

మొదటి పేజీ నుంచే విషయంలోకి దిగుతుంది. 2004 ఆగస్టులో ఫ్లోరిడాను చార్లీ తుపాను కొట్టింది. కరెంటు పోయింది, ఫ్రిజ్‌లు పనిచెయ్యడం లేదు. రెండు డాలర్ల ఐసు సంచిని ఒక పెట్రోలు బంకులో పది డాలర్లకు అమ్మారు. ముసలి భర్తనీ, దివ్యాంగురాలైన కూతుర్నీ తీసుకుని ఇల్లు వదిలొచ్చిన 77 ఏళ్ల ఆవిడ దగ్గర, మామూలుగా 40 డాలర్లుండే లాడ్జి గదికి 160 తీసుకున్నారు. జనం మండిపడ్డారు. కొందరు ఆర్థికవేత్తలు మాత్రం ధర పెరిగితేనే దూరం నుంచి సరుకు వస్తుంది, ఇందులో తప్పేం లేదన్నారు. శాండెల్ రెండు వైపుల మాటా పూర్తిగా వినిపించి, ఆ గొడవ కింద ఉన్న మూడు ప్రశ్నల్ని బయటికి తీస్తారు. ఏది చేస్తే ఎక్కువమందికి మేలు? కొన్న మనిషి ఇష్టపడి కొన్నాడా, గత్యంతరం లేక కొన్నాడా? పక్కవాడి కష్టం మీద సంపాదించాలనే ఆశను సమాజం చూస్తూ ఊరుకోవాలా? మిగతా పుస్తకమంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది.

ఇది చదువుతుంటే 2020 మార్చి గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? కేంద్రం మాస్కుల్నీ శానిటైజర్లనీ నిత్యావసర వస్తువుల చట్టం కిందికి తెచ్చింది. మూడు పొరల మాస్కు పది రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ వంద రూపాయలు దాటకూడదని రేటు కట్టింది. మాకు సరుకిచ్చే స్టాకిస్టు దగ్గరే ఆ రేటుకు మాస్కు దొరకలేదు. నష్టానికి అమ్మాలి, లేదంటే 'నో స్టాక్' అని రాసి పెట్టాలి. కొన్నాళ్లు ఆ కాగితమే అంటించి కూర్చున్నాం. ఆర్థికవేత్త చెప్పిన మాటలో నిజం లేకపోలేదని అప్పుడు కళ్లారా చూశాను. ఆ తర్వాతి ఏడాది సెకండ్ వేవ్‌లో ఆక్సీమీటర్‌కి ఎంత అడిగితే అంత ఇచ్చి, చిల్లర కూడా లెక్కపెట్టుకోకుండా పరిగెత్తిన మనుషుల్నీ చూశాను. వాళ్లు ఇష్టపడి కొన్నారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే సరైన పని అన్న ఇంగ్లీషు తత్వవేత్త బెంథామ్ మీది అధ్యాయం సులువుగా సాగుతుంది. 1884లో ఓడ మునిగిపోయి చిన్న పడవలో చిక్కుకున్న నలుగురు ఇంగ్లీషు నావికుల కేసు అందులోదే. తిండిలేక తమలోనే ఒకడైన 17 ఏళ్ల కుర్రాణ్ని చంపి తిన్నారు. కథ ఎంత భయంకరమో వాదన అంత తేట. అమెరికా తత్వవేత్త రాల్స్ మీది అధ్యాయం కొంచెం పొడి. పుస్తకానికి ప్రాణం మాత్రం జర్మన్ తత్వవేత్త కాంట్ అధ్యాయంలో ఉంది.

కాంట్ 1785లో రాసిన చిన్న గ్రంథంలో ఒక కొట్టువాడు వస్తాడు. కొట్టుకు వచ్చింది చిన్నపిల్లాడైనా, ధరలు తెలియని మనిషైనా అందరికీ ఒకటే రేటు. ఎందుకంటే మోసం బయటపడితే వ్యాపారం దెబ్బతింటుంది. అతను చేసిన పని సరైనదే, కానీ లాభం చూసుకుని చేశాడు కాబట్టి దానికి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. ఈ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన దగ్గర ఎమ్మార్పీ దాటితే నేరం, సరే. ధరల నియంత్రణ జాబితాలో ఉన్న మందులకు రిటైలర్ మార్జిన్ 16 శాతమని లెక్క కూడా ఉంది. కానీ జాబితాలో లేని జనరిక్ మందులు కొన్నింటికి మేం కొనే ధరకూ, స్ట్రిప్ మీద అచ్చయిన ధరకూ మధ్య చాలా రెట్ల తేడా ఉంటుంది. ప్రింటు రేటుకే అమ్మితే చట్టం ఏమీ అనదు. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు తీసుకెళ్లే పెద్దాయనకు ఆ తేడా తెలిసే దారే లేదు. అడిగేవాళ్లు లేని చోట ఎంత తీసుకోవాలి? కాంట్ అడుగుతున్నది అచ్చంగా ఇదే.

మేం ఆ మందుల్ని కొన్న ధరకు కొంత మార్జిన్ కలిపి అమ్ముతాం, అడిగినా అడక్కపోయినా. అందువల్ల షాపుకు పేరొస్తుందని నాకు తెలుసు, ఆ పేరు నాకు కావాలి కూడా. అంతమాత్రాన ఆ పనికి విలువ పోతుందంటే నా మనసు ఒప్పుకోదు. ఇక్కడ నాకు అరిస్టాటిల్ అధ్యాయం అండగా నిలిచింది. నిజాయితీ పనులు చేస్తూ చేస్తూ ఉంటేనే మనిషి నిజాయితీపరుడవుతాడు, ముందు గుండెను శుద్ధి చేసుకుని తర్వాత పని మొదలుపెట్టడం కుదరదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు షాపులో మేం నేర్పేది కూడా అలాగే. ముందు ఎక్స్‌పైరీ చూడటం అలవాటవ్వాలి, అది ఎందుకంత ముఖ్యమో తర్వాత లోపలికి ఇంకుతుంది.

కాంట్ అధ్యాయంలోనే ఇంకో చోటు ఉంది, మహాభారతం తెలిసినవాళ్లు తప్పకుండా చదవాలి. హంతకుడు తలుపు కొట్టి, నీ స్నేహితుడు ఎక్కడ దాక్కున్నాడని అడిగితే అప్పుడు కూడా అబద్ధం చెప్పకూడదని కాంట్ వాదం. దీన్ని శాండెల్ కొంత కాపాడే ప్రయత్నం చేస్తారు. అబద్ధం వేరు, దారి తప్పించే నిజం వేరు అంటారు. 'గంట క్రితం కిరాణా కొట్టు దగ్గర చూశాను' అనొచ్చట, చూసిన మాట నిజమైతే. అలా మాట్లాడే మనిషి కనీసం సత్యానికి ఒక మర్యాద ఇస్తున్నాడని ఆయన వాదన. కాంట్ కూడా ప్రష్యా రాజుకు మాటిచ్చేటప్పుడు, ఆ రాజు పోయాక తనకు కట్టుబాటు ఉండకుండా పదాలు ఎంచుకున్నాడట. అమెరికా అధ్యక్షుడిగా ఉండగా క్లింటన్ ఇలాగే పదాలు ఎంచుకుని జవాబు చెప్పిన సంగతి కూడా ఇక్కడే వస్తుంది.

నాకు వెంటనే ధర్మరాజు కళ్లముందు నిలబడ్డాడు. 'అశ్వత్థామ హతః' అని పైకి, 'కుంజరః' అని లోగొంతుకతో. శాండెల్ కొలతలో ఇది దాదాపు చెల్లుతుంది, మాట నిజమే కదా. కానీ వ్యాసుడు చెల్లనివ్వలేదు. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం ఆ మాటతో నేలను తాకింది. మళ్లీ అదే భారతంలో, కర్ణపర్వంలో, కౌశికుడి కథ ఉంది. దొంగలు అడిగితే, దాక్కున్నవాళ్ల జాడ ఉన్నదున్నట్టు చెప్పేశాడు, వాళ్లు చచ్చిపోయారు. సత్యవాది అయ్యుండీ అతను నరకానికి పోయాడు. ఆ కథ అర్జునుడికి చెప్పింది కృష్ణుడే. అంటే కాంట్ కట్టిన తలుపు దగ్గరే వ్యాసుడూ నిలబడి, నిజం చెప్పి ప్రాణాలు తీసినవాణ్నీ వదల్లేదు, మాట మెలిపెట్టి గురువును పడగొట్టినవాణ్నీ వదల్లేదు. శాండెల్ కంటే ఇది కఠినమైన వైఖరి, నాకు ఇదే ఎక్కువ సరైనదనిపిస్తుంది. పెద్ద జబ్బు మందుల చీటీ పట్టుకొచ్చి 'ఇది దేనికమ్మా?' అని అడిగే పేషెంటుకు, పక్కన కొడుకు కళ్లతోనే వద్దని సైగ చేస్తుంటే, 'బలానికి' అని చెప్పాలా వద్దా? ఈ రెండు కథలూ తెలిసినవాళ్లకు ఆ క్షణం తేలిగ్గా గడవదు. తేలిగ్గా గడవకూడదు కూడా.

నచ్చనివీ చెప్పాలి. అమెరికా కోర్టు కేసులు మరీ ఎక్కువ. మన దేశం కనిపించేది ప్రధానంగా గుజరాత్‌లోని ఆనంద్‌లో నడిచిన అద్దె గర్భాల వ్యాపారం దగ్గరే. పుస్తకం 2009 నాటిది, మన దగ్గర వ్యాపార సరోగసీని ఆపుతూ చట్టం వచ్చింది 2021లో. రిజర్వేషన్ల లాంటి ప్రశ్న మీద ఉన్న అధ్యాయం మనకు అస్సలు చాలదు. టెక్సాస్ లా స్కూల్‌లో తెల్లజాతి విద్యార్థినికి దక్కని సీటు గురించి ఎంత చక్కగా వాదించినా, ఊరి బయట ఇల్లు, వేరే గ్లాసు, వేరే బావి ఉన్న చరిత్రకు ఆ భాష అందదు. ఆ ఒక్క అధ్యాయం స్థానంలో అంబేద్కర్ 1936లో అచ్చువేసిన 'కులనిర్మూలన' చదవండి. లాహోర్‌లో చేయాల్సిన ప్రసంగం అది, పిలిచినవాళ్లే సభ రద్దు చేసుకున్నారు, ఆయన సొంత ఖర్చుతో అచ్చేశారు. నీతిశాస్త్రంలో దానికి సాటి వచ్చే పుస్తకాలు నేను చదివినంతలో తక్కువ. ఇక చివరి అధ్యాయంలో శాండెల్ న్యాయమూర్తి కుర్చీ దిగి తన పక్షం వాదిస్తారు. అందరికీ ఉమ్మడి మంచి ఉండాలంటారు, బాగుంది, కానీ ఆ మంచి ఏదో ఎవరు తేలుస్తారన్న చోట తొందరపడ్డారనిపించింది.

దీని తర్వాత ఏం చదవాలంటే, ముందు ప్లేటో 'క్రీటో'. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. జైలు నుంచి తప్పించుకునే వీలున్నా సోక్రటీస్ ఎందుకు కదల్లేదన్నదే విషయం. తర్వాత తత్వవేత్త పీటర్ సింగర్ 1972లో కరువు, సంపద గురించి రాసిన వ్యాసం. తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం రాసింది కాబట్టి మనకు దగ్గరగా ఉంటుంది. అమర్త్య సేన్ 'ది ఐడియా ఆఫ్ జస్టిస్' కూడా 2009లోనే వచ్చింది. ఒక వేణువు, ముగ్గురు పిల్లలు. ఒకరికి వాయించడం వచ్చు, ఒకరికి ఆడుకోవడానికి ఇంకేమీ లేదు, ఒకరు దాన్ని స్వయంగా తయారుచేశారు. ఎవరికివ్వాలి? శాండెల్‌లోనూ అరిస్టాటిల్ వేణువు ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మంచి చర్చ జరుగుతుంది. సేన్ పుస్తకం మాత్రం బరువు, దానితో మొదలుపెట్టకండి.

'జస్టిస్' పేపర్‌బ్యాక్ సుమారు మూడు వందల పేజీలు, ఐదు వందలకు అటూ ఇటూగా దొరుకుతుంది. డిగ్రీ స్థాయి ఇంగ్లీషు వస్తే చాలు. చదవడం కష్టమనుకునేవాళ్లకు ఆయన హార్వర్డ్ క్లాసులు పన్నెండు ఎపిసోడ్లుగా యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. ఎనిమిదో క్లాసు దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, మధ్యలో ఆపి వాళ్లేమంటారో అడగండి.